మొదటిసారి ప్రకృతి చికిత్సాలయానికి వెళ్తున్నారా? నెల ముందు నుంచి తిరిగొచ్చాక దాకా చేయాల్సిన పనులు

ఉప్పు లేని తిండి, ఉపవాసం, మట్టి, నీళ్ళ చికిత్సలతో వైద్యం చేసే ప్రకృతి ఆశ్రమంలో ఓ పది రోజులు ఉండొద్దామనుకునేవాళ్ళు మన దగ్గర చాలామందే. గది బుక్ చేసుకుంటారు, రెండు జతల కాటన్ బట్టలు సర్దుకుంటారు, బయల్దేరిపోతారు. రెండో రోజు తల పగిలిపోతున్నట్టుంటుంది. మూడో రోజు మంచం మీంచి లేస్తే కళ్ళు తిరుగుతాయి. నాలుగో రోజు కొడుక్కి ఫోన్ చేసి "నాకిక్కడ పడటంలేదు, వచ్చి తీసుకెళ్ళు" అంటారు. ఇలా మధ్యలో వచ్చేసినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళతో మాట్లాడితే తేలేది ఒకటే: అక్కడి చికిత్స పడకపోవడం కాదు, కాఫీ, ఉప్పు, మాత్రలు ఈ మూడింటి సంగతి ఇంటి దగ్గర చూసుకోకుండా వెళ్ళడం. అందుకే ఈ మార్గదర్శిలో బ్యాగు సర్దుకోవడం దాదాపు చివర్లో వస్తుంది. అసలు పని నెల ముందు మొదలవ్వాలి.

ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది

ఎందుకు వెళ్తున్నారు? ఒక్క వాక్యంలో రాసుకోండి. "బరువు తగ్గాలి" అని రాస్తే, ఎన్నేళ్ళలో పెరిగిన బరువో కూడా పక్కనే రాయండి. పదేళ్ళలో పెరిగింది పది రోజుల్లో పోదు. ఉపవాసంలో మొదటి నాలుగైదు రోజులు కాటా మీద చకచకా తగ్గేది ఎక్కువగా నీరే. ఒంట్లో నిల్వ ఉండే చక్కెరను గ్లైకోజెన్ అంటారు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది, గ్లైకోజెన్ ఖర్చయితే ఆ నీరూ పోతుంది, ఇంటికొచ్చి మామూలుగా తినగానే తిరిగొస్తుంది. ఇది ముందే తెలిస్తే తర్వాత దిగులు ఉండదు. మలబద్ధకం, నిద్రలేమి, మోకాళ్ళ నొప్పులు, బీపీ, మొదటి దశలో ఉన్న టైప్-2 షుగర్, వేళ కాని వేళ తినే అలవాటు, విశ్రాంతి లేని ఉద్యోగం... వీటికోసం వెళ్ళేవాళ్ళకు అక్కడి దినచర్య నిజంగా మేలు చేస్తుంది. అక్కడికి వెళ్ళడంలో అసలు లాభం నా దృష్టిలో అదే: పెందరాళే తిని, పెందరాళే పడుకుని, ఫోన్ పక్కన పెట్టి, ఒళ్ళు చెప్పేది వినడానికి పది రోజులు దొరుకుతాయి.

కొంతమంది మాత్రం తమ స్పెషలిస్టు ఒప్పుకోనిదే వెళ్ళకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్-1 షుగర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంటు పడినవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు, మూర్ఛకు మందులు వాడుతున్నవాళ్ళు, క్యాన్సర్‌కో క్షయకో చికిత్స నడుస్తున్నవాళ్ళు, బరువు మరీ తక్కువ ఉన్నవాళ్ళు (ఎత్తుకు తగ్గ బరువు లెక్క అయిన బీఎంఐ 18.5 కంటే కింద), ఒకప్పుడు తిండి మానేసే మానసిక సమస్య ఉన్నవాళ్ళు. వీళ్ళకు ఉపవాసమే ప్రమాదం కావచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు రోజూ తాగించే పళ్ళరసాలు, కొబ్బరినీళ్ళలోని పొటాషియం కూడా ప్రమాదమే.

ఎక్కడ చేరాలి, ఫోన్‌లో ఏమడగాలి

తెలుగు నేలకు ఈ వైద్యం కొత్తది కాదు. జర్మనీకి చెందిన లూయీ కూనే రాసిన జలచికిత్స పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు ఆశ్రమం పెట్టారు. హైదరాబాద్ బేగంపేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉంది. విజయవాడ పక్కన ఉండవల్లిలో కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణరాజు ఆరోగ్యాలయం ఉంది. కర్ణాటకలో ఉన్న తెలుగువాళ్ళు బెంగళూరుకో ధర్మస్థలకో వెళ్తుంటారు. ఇవి కాక ఈమధ్య ఊరి చివరి రిసార్టులు కూడా "వెల్‌నెస్ రిట్రీట్" అని బోర్డు పెట్టేస్తున్నాయి. బోర్డు ఏదైనా, డబ్బు కట్టేముందు ఫోన్ చేసి ఈ విషయాలు కనుక్కోండి.

చూసే డాక్టర్ బీఎన్‌వైఎస్ చదివారా? అది ప్రకృతి వైద్యం, యోగాల్లో ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళ డిగ్రీ. రాత్రి పూట డాక్టర్ లోపలే ఉంటారా, ఫోన్ మీద ఉంటారా? ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఎంతసేపు పడుతుంది? షుగర్, బీపీ రోజుకు ఎన్నిసార్లు చూస్తారు? ఎనిమా (మలద్వారం గుండా పేగులోకి నీళ్ళు ఎక్కించడం) డబ్బా, గొట్టం ఎవరిది వాళ్ళకే ఇస్తారా? ఆడవాళ్ళకు ఆడవాళ్ళే మసాజ్ చేస్తారా? మధ్యలో వెళ్ళిపోవాల్సి వస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారు?

చివరగా ఒకటి అడగండి: "మా అమ్మ బీపీ మాత్రలు వాడుతోంది, వాటిని ఏం చేస్తారు?" "చూసి, మీ డాక్టర్ రాసిన చీటీ బట్టి మెల్లగా నిర్ణయిస్తాం" అంటే మంచిచోటు. "చేరిన రోజే అన్నీ మాన్పించేస్తాం" అంటే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి. ఎంత పేరున్న చోటైనా సరే.

ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళు ఆయుష్ (ఆయుర్వేదం, ప్రకృతి వైద్యం లాంటివి) చికిత్సకు తమ పాలసీ వర్తిస్తుందా, ఆ చికిత్సాలయానికి వర్తిస్తుందా అని కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. నోటిమాట పనికిరాదు.

తేదీల సంగతి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు వారం నుంచి పది రోజులు సరిపోతుంది. మూడు రోజుల ప్యాకేజీ అయితే ఒంటికి ఇబ్బంది మొదలయ్యేసరికే గడువు అయిపోతుంది, లాభం కనపడే రోజులు మిగలవు. పుష్యంలో చలికి మట్టిపట్టీ (పొట్ట మీద వేసే తడిమట్టి), చన్నీళ్ళ తొట్టి కష్టంగా ఉంటాయి. మే నెలలో చెమటకు నీరసం ఎక్కువ. వానలు తగ్గాక, చలి ముదరకముందు వెళ్తే సుఖం. ఆడవాళ్ళు నెలసరి తేదీ చూసుకుని బుక్ చేసుకోవాలి. ఆ రోజుల్లో పొట్టమీద మట్టిపట్టీ, తొట్టి స్నానం, ఎనిమా సాధారణంగా ఇవ్వరు, కట్టిన డబ్బులో సగం చికిత్సలు ఊరికే పోతాయి. అమెరికా నుంచి సెలవులకు వచ్చేవాళ్ళు విమానం దిగిన మర్నాడే చేరకండి. నాలుగైదు రోజులు ఇంట్లో నిద్ర కుదుటపడ్డాక వెళ్ళండి. అక్కడి మందుల బ్రాండు పేర్లు ఇక్కడివాళ్ళకు తెలియకపోవచ్చు కాబట్టి మందు అసలు పేరుతో చీటీ తెచ్చుకోండి.

మందుల కాగితం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఒక తెల్లకాగితం మీద మీరు వేసుకునే ప్రతి మాత్రా రాయండి. బ్రాండు పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, ఎన్నేళ్ళ నుంచి, ఎందుకు. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వేసుకునేవి, ఆయుర్వేద చూర్ణాలు, ఎవరో చెబితే వాడుతున్న కషాయాలు కూడా రాయాలి. ఆ కాగితం పట్టుకుని, మీకు ఆ మందులు రాసిన డాక్టర్ దగ్గరకే వెళ్ళి ఇలా అడగండి: "డాక్టరుగారూ, పది రోజులు ఉప్పు లేని తిండి తింటాను. అందులో రెండు మూడు రోజులు రసాల మీదే ఉంచవచ్చు. వీటిలో ఏది తగ్గించాలి, ఏది ఆ రోజులవరకు ఆపాలి, ఏది ఏమైనా సరే ఆపకూడదు?" ఆయన చెప్పింది ఆ కాగితం మీదే రాయించుకుని సంతకం చేయించుకోండి. రెండు జిరాక్సులు తీసి ఒకటి చికిత్సాలయం ఫైల్లో పెట్టించండి, ఒకటి మీ పర్సులో ఉంచుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తిండి మారితే మాత్ర పనితీరూ మారుతుంది.

షుగర్‌కు గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడుతూ తిండి తగ్గిస్తే చక్కెర 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. బీపీకో గుండెకో మెటోప్రొలాల్ వంటి మందు వాడేవాళ్ళకు ఆ వణుకు, దడ బయటపడకపోవచ్చు, అందుకని వాళ్ళు గ్లూకోమీటర్‌నే నమ్మాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త రకం మాత్రలది ఇంకో తంటా. ఉపవాసంలో అవి వాడితే చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని, వాంతులు, ఆయాసంతో ఐసీయూ దాకా తీసుకెళ్ళగలవు. వాటిని ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి.

బీపీ మాత్రల్లో నీరు తీసే మందు కలిసి ఉందేమో చూడండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ అని రాసి ఉంటుంది. ఉప్పు లేని తిండి, లీటర్ల కొద్దీ నీళ్ళు, పైగా ఆ మాత్ర, మూడూ కలిస్తే ఒంట్లో సోడియం పడిపోతుంది. ముఖ్యంగా అరవై దాటిన ఆడవాళ్ళలో. మొదట తలనొప్పి, వికారం, తర్వాత మాట పొంతన లేకపోవడం, మత్తు. ఇది చూసి "ఉపవాస నీరసంలే, పడుకోనివ్వండి" అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, మూర్ఛ మందులు, మానసిక వైద్యుడు రాసిన మాత్రలు, స్టెంటు పడినవాళ్ళు వేసుకునే రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఒక్క పూట కూడా ఆపకూడదు. లిథియం (మానసిక జబ్బుకు ఇచ్చే మందు) వాడేవాళ్ళు ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో ఆ మందు పెరిగి విషమవుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వాడేవాళ్ళకు ఆకుకూరల రసం రోజూ పట్టిస్తే మందు పని తగ్గిపోతుంది. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే మంచినీళ్ళతో వేసుకుని, తేనె నిమ్మరసం నీళ్ళకు కనీసం అరగంట ఆగండి. ఖాళీ కడుపున నొప్పి మాత్రలు వేసుకోకండి.

ఆ డాక్టర్‌ను కలిసే వారంలోనే రక్తపరీక్షలు కూడా చేయించుకోండి: హిమోగ్లోబిన్, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం. నలభై దాటినవాళ్ళు ఈసీజీ కూడా. తిరిగొచ్చాక పోల్చుకోవడానికి కూడా ఇవే ఆధారం.

రెండు వారాల ముందు: కాఫీ, ఉప్పు, రాత్రి భోజనం

ఆశ్రమంలో కాఫీ టీలు ఉండవు. రోజుకు మూడు నాలుగు గ్లాసులు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో తలపోటు మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, వారం పైన కూడా ఉండొచ్చు. రెండో రోజు తల పగిలిపోయేది చాలావరకు దీనివల్లే. "విషాలు బయటికి పోతున్నాయి" అని అక్కడ ఎవరైనా చెప్పొచ్చు. అది కాఫీ మానిన తలపోటు, అంతే. ఇంట్లోనే మానేసి వెళ్తే అక్కడ ఆ బాధ ఉండదు. మొదటి నాలుగు రోజులు సాయంత్రపు కాఫీ తీసేయండి. తర్వాత మధ్యాహ్నంది. ఆ తర్వాత పొద్దున కాఫీలో డికాక్షన్ సగం చేసి పాలు పెంచండి. బయల్దేరే ముందు మూడు రోజులు అదీ మానేయండి. ఫిల్టర్ కాఫీ వాసనకు లేచే ఇళ్ళల్లో ఇది సులువు కాదని తెలుసు. ఆ గ్లాసులో వేడివేడిగా అల్లం నీళ్ళో జీలకర్ర నీళ్ళో పోసుకుంటే చేతికి ఉన్న అలవాటు తీరుతుంది.

సిగరెట్, గుట్కా, మందు అలవాటున్నవాళ్ళు నెల ముందే మొదలుపెట్టాలి. రోజూ ఎక్కువగా మందు తాగేవాళ్ళు మాత్రం సొంతంగా హఠాత్తుగా ఆపకండి, చేతులు వణకడం, ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మానాకే ఆశ్రమం సంగతి.

ఇక ఉప్పు. అక్కడి భోజనశాలలో మొదటి మధ్యాహ్నం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. స్టీలు కంచంలో రెండు పుల్కాలు, ఉడకబెట్టిన సొరకాయ కూర, కీరా క్యారెట్ ముక్కలు, చిన్న గిన్నెలో పెరుగు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం ఇటు తిప్పి అటు తిప్పి, వడ్డించే అమ్మాయిని పిలిచి "ఉప్పు మర్చిపోయినట్టున్నారమ్మా" అంది. ఆ అమ్మాయి నవ్వి "ఇక్కడ వెయ్యమండీ మామ్మగారూ, నిమ్మకాయ పిండుకోండి" అని చెక్క ఒకటి వేసి వెళ్ళింది. ఆ మామ్మగారు నిమ్మకాయ పిండుకుని తిన్నారు గానీ, రెండు రోజులు సగం కంచం వదిలేశారు. నాలుక ఉప్పు లేమికి అలవాటుపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులేవో ఇంట్లోనే గడిపితే అక్కడ ఆకలితో పడుకోనక్కరలేదు.

మొదటి వారం అప్పడాలు, ఊరమిరపకాయలు, పచ్చళ్ళు, కారప్పూస మానేయండి. మనం తినే ఉప్పులో వీటి వాటా పెద్దది. ఆవకాయ జాడీ కళ్ళ ముందు నుంచి అటక మీదికి ఎక్కించండి. రెండో వారం మజ్జిగలో, అన్నంలో వేసుకునే ఉప్పు ఆపి, కూరల్లో సగానికి తగ్గించండి. చింతపండు, నిమ్మ, మామిడికాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన జీలకర్ర ఉంటే ఉప్పు తక్కువైన లోటు తెలియదు. పూర్తిగా మానేయడం మాత్రం డాక్టర్‌ను అడిగాకే, పైన చెప్పిన బీపీ మాత్రల వాళ్ళు మరీను.

పచ్చి కూరముక్కలు, మొలకలు అలవాటు లేని పొట్ట వాటిని ఒక్కసారిగా తట్టుకోలేదు, గ్యాసు పట్టేస్తుంది. రోజుకో కీరా ముక్కతో మొదలుపెట్టి, తర్వాత క్యారెట్ తురుము, ఆ తర్వాత గుప్పెడు పెసర మొలకలు, అలా పెంచండి. రాత్రి భోజనం రోజుకో పావుగంట ముందుకు జరుపుతూ ఏడింటికి తీసుకురండి. నిద్ర కూడా అలాగే. అక్కడ తెల్లవారుజామున అయిదింటికో అంతకు ముందో లేపుతారు, రాత్రి తొమ్మిదింటికి దీపాలార్పేస్తారు. ఇంట్లో పన్నెండింటికి పడుకునే మనిషి మొదటి రాత్రి పైకప్పు చూస్తూ పడుకోవాల్సిందే. సాయంత్రం అరగంట నడక, నేల మీద బాసింపట్టు వేసుకుని పది నిమిషాలు కూర్చోవడం కూడా అలవాటు చేసుకోండి. మోకాళ్ళు నొప్పైతే అక్కడ కుర్చీ అడగండి, ఇస్తారు.

ఇల్లు ఎవరికి అప్పగిస్తారు

మగవాళ్ళు ఆఫీసులో సెలవు పెట్టి వెళ్ళిపోతారు. ఇల్లాలు వెళ్ళాలంటే పది రోజుల వంట, పిల్లల టిఫిన్ డబ్బా, అత్తగారి మందులు, పాలవాడి లెక్క, గ్యాస్ బండ అన్నీ ఆవిడ వెంటే ఆశ్రమానికి వస్తాయి. ఫోన్ పక్కన పెట్టమంటే ఎలా పెడుతుంది? "చింతపండు ఎక్కడుంది?", "వాషింగ్ మెషిన్‌లో ఏ నంబర్ మీద పెట్టాలి?" అని మధ్యాహ్నం విశ్రాంతి గంటలోనే ఫోన్లు వస్తాయి. ఇది చిన్న విషయం కాదు. విశ్రాంతికి వెళ్ళిన మనిషికి విశ్రాంతి దక్కాలంటే ఇంట్లోవాళ్ళు ముందే పని నేర్చుకోవాలి.

బయల్దేరే ముందు వారంలో రెండు రోజులు మీరు ఇంట్లో ఉంటూనే వంటింట్లోకి అడుగుపెట్టకండి. ఎవరికి ఏది దొరకడం లేదో అప్పుడే తేలిపోతుంది. పెద్దవాళ్ళ మాత్రలు పూటలవారీగా డబ్బాల్లో సర్ది, ఆ బాధ్యత ఒక్కరికే పేరుపెట్టి అప్పగించండి. "అందరూ చూసుకోండి" అంటే ఎవరూ చూడరు. ఫోన్ చేయడానికి రోజుకు ఒక వేళ పెట్టుకోండి, సాయంత్రం భోజనం తర్వాత పది నిమిషాలు. అత్యవసరమైతే చికిత్సాలయం ఆఫీసుకు చేయమని ఆ నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి.

బ్యాగు

వదులుగా ఉండే పాత కాటన్ బట్టలు ఎక్కువ పెట్టుకోండి. నువ్వులనూనె, మట్టి అంటిన బట్టలు మళ్ళీ బయటికి కట్టుకునేలా ఉండవు. చికిత్సలకు మగవాళ్ళకు లుంగీ లేదా నిక్కరు, ఆడవాళ్ళకు ముందువైపు గుండీలున్న నైటీ వీలుగా ఉంటాయి. తువ్వాళ్ళు మూడు, అందులో ఒకటి నూనెకు వదిలేసేది. తడి నేల మీద జారని రబ్బరు చెప్పులు తప్పనిసరి. తొట్టి గదుల్లో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పెద్దవాళ్ళు జారిపడేది అక్కడే. తెల్లవారుజామున యోగాకు శాలువా, దోమల క్రీము, స్టీలు నీళ్ళ సీసా, చిన్న టార్చి. మందులు పది రోజులకు కాదు, పదిహేను రోజులకు, వాటి అట్టలతో సహా. సొంత గ్లూకోమీటర్, బీపీ మిషన్ ఉంటే తీసుకెళ్ళండి. షుగర్ మందులు వాడేవాళ్ళు జేబులో చక్కెర పొట్లం ఉంచుకోవాలి.

బంగారం, లాప్‌టాప్, బిస్కెట్ ప్యాకెట్లు, జంతికలు ఇంట్లోనే ఉండనివ్వండి.

చేరిన మొదటి మూడు రోజులు

చేరిన రోజు బరువు, బీపీ చూసి డాక్టర్ మాట్లాడతారు. మీ కాగితం ఇచ్చేది ఇక్కడే. ఏ చికిత్స ఎందుకు ఇస్తున్నారో అడగడానికి మొహమాటపడకండి.

మట్టిపట్టీ గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే మొదటిసారి వాళ్ళు అందరూ దానికే ఉలిక్కిపడతారు. నాలుగైదు అడుగుల లోతున తవ్విన నల్లమట్టిని ఎండబెట్టి, జల్లించి, రాత్రంతా నానబెడతారు. పొద్దున దాన్ని పలచని బట్టలో అంగుళం మందాన పరిచి, అట్టలా మడిచి, ఖాళీ కడుపు మీద బొడ్డు కింది దాకా వేస్తారు. ఇంకో చిన్నది కళ్ళ మీద. వేసిన క్షణంలో ఊపిరి బిగుసుకుపోతుంది, అంత చల్లగా ఉంటుంది. పొట్ట బిగబట్టకుండా నాలుగైదు సార్లు నెమ్మదిగా ఊపిరి వదలండి. రెండు నిమిషాల్లో చలి పోయి పట్టీ ఒంటి వేడికి వచ్చేస్తుంది, చాలామందికి నిద్ర కూడా పడుతుంది. ఇరవై నిమిషాల నుంచి అరగంట ఉంచుతారు. వణుకు తగ్గకపోతే ఓర్చుకోకండి, తీసేయమనండి.

ఎనిమా అంటే సిగ్గు, భయం సహజం. గోరువెచ్చని నీళ్ళు డబ్బాలోంచి సన్నని గొట్టం ద్వారా లోపలికి పోతాయి, కాసేపు ఆపుకుని బాత్రూముకు వెళ్ళాలి. నొప్పి ఉండదు, నొప్పిగా ఉంటే వెంటనే చెప్పాలి. మొలలు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి. రోజూ ఎనిమా తీసుకుంటూ పోతే ఒంట్లో లవణాలు తగ్గుతాయి, పేగుకు సొంతగా కదలడం బద్ధకం అవుతుంది. ఇంటికొచ్చాక కూడా రోజూ చేసుకోమని ఎవరైనా చెబితే వినకండి.

తొట్టి స్నానం కూనే పద్ధతి: నడుము, పొత్తికడుపు మాత్రం నీళ్ళలో ఉండేలా వెనక్కి వాలి కూర్చోవాలి, కాళ్ళు బయట. ఆవిరి పెట్టెలోకి వెళ్ళేముందు ఒక గ్లాసు నీళ్ళు తాగి, తల మీద తడి గుడ్డ వేయించుకోండి. బీపీ ఎక్కువున్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఆవిరి వద్దనండి. బయటికి వచ్చాక రెండు నిమిషాలు కూర్చునే లేవండి. ఉప్పునీళ్ళు తాగి కక్కే వమనధౌతి, లీటర్ల కొద్దీ ఉప్పునీళ్ళతో చేసే శంఖప్రక్షాళన మొదటిసారి వెళ్ళినవాళ్ళకు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. బీపీ, అల్సర్, గుండె జబ్బు ఉంటే అసలే కూడదు.

నీళ్ళ విషయంలో పక్కవాళ్ళతో పోటీ వద్దు. పొద్దున్నే గడగడా లీటరున్నర తాగమంటే తాగక్కరలేదు. గ్లాసు గ్లాసుగా, దాహం చూసుకుంటూ తాగండి.

రెండో రోజో మూడో రోజో చిరాకు వస్తుంది, ఇల్లు గుర్తొస్తుంది, చిన్నమాటకు ఏడుపొస్తుంది. ఆకలి, నిద్ర మార్పు, చేతిలో ఫోన్ లేకపోవడం అన్నీ కలిసి చేసే పని అది. ఆ సాయంత్రం వెళ్ళిపోవాలన్న నిర్ణయం తీసుకోకండి. రాత్రి నిద్రపోయి, మర్నాడు మధ్యాహ్నం భోజనం తర్వాత అప్పటికీ అదే అనిపిస్తే అప్పుడు మాట్లాడండి. చాలామందికి నాలుగో రోజుకు తేలికపడుతుంది.

ఓర్చుకోకూడనివి

ఛాతీలో నొప్పి లేదా బరువు, ఆయాసం, స్పృహ తప్పడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం, ఆగని వాంతులు, మలంలో రక్తం, మూత్రం బాగా తగ్గిపోవడం. వీటిలో ఏది వచ్చినా అది "జబ్బు బయటికి పోవడం" కాదు, ఆసుపత్రికి వెళ్ళాల్సిన జబ్బే. ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా 108కి ఫోన్ చేయండి. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర గానీ ఒక పెద్ద చెంచా తేనె గానీ నీళ్ళలో కలిపి వెంటనే తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకోండి, పెరగకపోతే మళ్ళీ అంతే తాగండి. మనిషి మత్తులో ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు. ఉపవాసం చెడిపోతుందని వెనకాడకండి. చెడిపోనివ్వండి.

తిరిగొచ్చాక

తిరిగొచ్చే రోజు పెళ్ళో గృహప్రవేశమో పెట్టుకోకండి. దారిలో హోటల్ దగ్గర ఆగి నెయ్యికారం దోసె తింటే ఆ రాత్రి పొట్టనొప్పి ఖాయం. ఉపవాసం చేసి వచ్చినవాళ్ళు రెండు మూడు రోజులు పలచని జావ, మెత్తటి అన్నంలో పెసరకట్టు, ఉడికిన కూరలతో మొదలుపెట్టి మెల్లగా మామూలు భోజనానికి రావాలి. వారం దాకా వేపుళ్ళు, మాంసం వద్దు.

అక్కడి పద్ధతులన్నీ ఇంట్లో నడపాలని చూస్తే నెల తిరక్కుండా అన్నీ పోతాయి. రెండే రెండు పట్టుకోండి. నన్నడిగితే, ఏడింటికల్లా రాత్రి భోజనం ఒకటి, పచ్చడి, అప్పడం ఆదివారానికే పరిమితం చేయడం ఒకటి. ఈ రెండూ కుటుంబమంతా కలిసి పాటించవచ్చు, ఒక్కరికోసం వేరే వంట అక్కరలేదు.

మందులు తగ్గించి పంపినవాళ్ళు ఇంటి దగ్గర రోజూ ఒకే వేళకు బీపీ, షుగర్ చూసి రాసుకోండి. ఇంటి ఉప్పు, ఇంటి ఒత్తిడి తిరిగి మొదలవగానే అంకెలు పైకి రావచ్చు. వారం లోపల ఆ అంకెల కాగితం పట్టుకుని మొదట చీటీ రాసిన డాక్టర్ దగ్గరకే వెళ్ళండి, మాత్రలు మళ్ళీ సర్దేది ఆయనే. క్రియాటినిన్, సోడియం, పొటాషియం అప్పుడే మళ్ళీ చూపించండి. హెచ్‌బీఏ1సీకి మాత్రం తొందరపడకండి. అది గడిచిన రెండు మూడు నెలల చక్కెర సగటు చెబుతుంది కాబట్టి మూడు నెలలు ఆగి చేయిస్తేనే, మీరు పట్టుకున్న ఆ రెండు అలవాట్లు పనిచేశాయో లేదో తెలుస్తుంది.